రెక్క సూర కోసం మొంబాసా దాకా

నైరోబీ – మొంబాసా రైల్లో
ఫిబ్రవరి 2, 2023

ఒరే తమ్ముడూ,

బండి ఊపుకి అక్షరాలు అటూ ఇటూ పోతున్నాయి, కూడబలుక్కుని చదువుకో. నైరోబీ స్టేషన్లో ఎక్కేముందు అందరి సామాన్లూ వరసగా నేల మీద పెట్టించి కుక్కలతో వాసన చూపించారు. మా వరసలోకి వచ్చిన కుక్క నా సంచి దగ్గర ఆగిపోయింది, ఎంత లాగినా కదల్లేదు. పోలీసాయన సంచి విప్పమన్నాడు. లోపల అమ్మ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ల పొడి! మూత తీసి వాసన చూసి, "చేపా?" అని నవ్వి పంపేశాడు. పొడి క్షేమమని అమ్మకి చెప్పు. రాత్రి విమానంలో నిద్ర లేదు, మెడ పట్టేసింది.

టికెట్ వెయ్యి షిల్లింగులు. సావో అడవి మధ్యలోంచి పోతున్నాం. ఎర్రమట్టి పూసుకున్న ఏనుగులు ఒక చోట కనబడ్డాయి. వానల్లేక నేలంతా బీటలు వారింది, వాటిని చూస్తే కడుపు తరుక్కుపోయింది.

బయల్దేరేటప్పుడు నువ్వడిగావు, "నడిసంద్రంలో చేపకి ఆఫ్రికాలో మీటింగేంటప్పా?" అని. ఆటో వచ్చేసింది, చెప్పలేకపోయాను. మన ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ల దాకా వేట హక్కు మనది. అవతల ఏ ఒక్క దేశానిదీ కాదు. నువ్వు గేలం వేసే రెక్క సూరకి ఆ గీత తెలీదు కదా. హిందూ మహాసముద్రం మొత్తం మీద దాన్ని ఒకే మందగా లెక్కగడతారు. అందుకే 1996 నుంచి హిందూ మహాసముద్ర ట్యూనా (మన సూరనే అలా అంటారు) కమిషన్ నడుస్తోంది, ఈ మీటింగు దానిదే. ఆఫీసు సీషెల్స్‌లో, 30 మంది సభ్యులు, మనమూ ఉన్నాం. రెక్క సూర మితిమీరి పోతోందని దాని శాస్త్రవేత్తలే 2015 నుంచి మొత్తుకుంటున్నారు. ఏడాదికి సుమారు మూడున్నర లక్షల టన్నులు దాటితే తట్టుకోదని 2021లో తేల్చారు. 2020లో పట్టింది 4 లక్షల పైచిలుకు. నీ గేలానికి చిక్కేది ఏటికేడు ఎందుకు చిన్నదవుతోందని అడుగుతుంటావే, ఆ ప్రశ్న పట్టుకునే పోతున్నాను.

మొంబాసా
అదే రాత్రి

స్టేషన్ ఊరికి దూరంగా మిరితిని అనే చోట ఉంది. బయటికొస్తే ఆటోలు, అవీ మన బజాజ్‌వే! పుణె బండిని చూసి ప్రాణం లేచొచ్చింది. బేరం మొదలెట్టాక మళ్లీ పోయింది. పదిహేను వందల షిల్లింగులన్నాడు. ఐదొందలన్నాను. పెట్రోలు లీటరు 170 దాటిందన్నాడు. మా ఊళ్లో వంద దాటి ఎన్నాళ్లయిందో నీకు తెలుసా అన్నాను. వాడు స్వాహిలీలో, నేను కోపమొస్తే తెలుగులో. రైల్లో నా ఎదుట కూర్చున్న ముసలమ్మ మూటలతో సహా వచ్చి మా ఇద్దరి మధ్యా నిలబడింది. తనూ అటే పోవాలంది. ఎనిమిది వందలకి తెగింది, అందులో మూడొందలు ఆవిడ ఇచ్చింది. దారి పొడుగునా వాడు అలిగి మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం నా పెట్టె తనే మోసి మెట్ల మీద పెట్టాడు.

ఇక్కడ ఉక్క అచ్చం మన విశాఖలా ఉంది. ఒళ్లంతా జిడ్డు. బస పక్క సందులో చిన్న హోటలుంది. కాల్చిన చేప మీద చిక్కటి కొబ్బరిపాల పులుసు పోసి పెట్టారు. చింతపండు పడింది గానీ కారం లేదు. మొదటి ముద్దకి ముఖం ముడుచుకున్నాను. అమ్మ పొడి నంజుకున్నాక సర్దుకుంది. వడ్డించే అమ్మాయి ఆ పొడేమిటో చూపించమంది. కాస్త పెడితే కళ్లంట నీళ్లు పెట్టుకుని మళ్లీ అడిగింది! వాళ్లమ్మని పిలిచింది, ఆవిడా తింది, వంటాయనా వచ్చాడు. డబ్బా సగమైపోయింది. నేను తిన్నది సూరే. పొద్దున చిన్న పడవలో ఎవరో తెచ్చారట. "ఇదివరకు ఇంత లావుండేవి" అని ఆవిడ మోచేతి దాకా చూపించింది. నాన్న కూడా సరిగ్గా అలాగే చూపించేవాడు. తిన్నాక చేయి కడుక్కోకుండా కాసేపు కూర్చుండిపోయాను. ఇల్లు గుర్తొచ్చింది.

మీ గుంటడికి జ్వరం తగ్గిందా? మరదలు మెసేజ్‌లో ఏడుపు బొమ్మ పెట్టి ఊరుకుంది. అన్నం తింటున్నాడో లేదో రాయమను.

ఫిబ్రవరి 4, రాత్రి

మీటింగు హాల్లో ఏసీ చలి, బయట సెగ. గొంతు పట్టేసింది. మిరియాల పాలు ఇక్కడెవరిస్తారు?

పరిశీలకులం కాబట్టి వెనక వరసలో కూర్చుంటాం, ముందు దేశాల బల్లలు. గొడవంతా తేలే తెప్పల మీద. యూరప్ కంపెనీల పెద్ద ఓడలు తెప్పలు కట్టి సముద్రంలో వదిలేస్తాయి. ఒక్కో ఓడకి ఒకే సమయంలో 300 దాకా అనుమతి. ప్రతి దానికీ ఉపగ్రహంతో మాట్లాడే బోయా, కింద ఎంత చేప చేరిందో చెప్పే యంత్రం. చేప చేరగానే ఓడొచ్చి చుట్టువల వేసి మొత్తం ఎత్తేస్తుంది. పేరుకి చిన్న రకం సూర కోసమే, కానీ దాంతోపాటు గుడ్డు పెట్టే ఈడు రాని రెక్క సూర పిల్లలు కుప్పలుగా పోతాయి. ఏటా 72 రోజులు ఈ తెప్పల వేట ఆపాలని ఇండోనేషియా ముందుండి ప్రతిపాదన తెచ్చింది. మన దేశం అటే ఉంది.

టీ దగ్గర ఆ ఓడల తరఫు పెద్దమనిషొకాయన 72 రోజులంటే చేపని డబ్బాల్లో నింపే క్యానరీల్లో కూలీలు పస్తులుంటారన్నాడు. ఆ కూలీల బాధ నిజం. సీషెల్స్ లాంటి చిన్న దేశానికి ఆ క్యానరీ ఎంత ఆసరానో నాకూ తెలుసు. కానీ మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు పడవలు కట్టేస్తారని, నా తమ్ముడు పదివేల భృతితో ఆ రెండు నెలలూ ఇల్లు నెట్టుకొస్తాడని చెప్పాను. పైగా మీ ఓడల్ని ఆపమనట్లేదు, తెప్పల్ని ఆపమంటున్నాం, విడిగా తిరిగే మందల్ని పట్టుకోండి అన్నాను. ఆయన కప్పు పెట్టేసి లోపలికెళ్లాడు.

అసలు పేచీ ఇది కాదురా. పంపకం ముందుంది. మొత్తం ఇంత పట్టాలని తేల్చి, దేశానికింత అని వాటా కట్టాలి. 2011 నుంచి దానికో కమిటీ కూర్చుంటోంది, ఇంకా తేలలేదు. దూరదేశాల ఓడలు, ఇన్నేళ్లుగా ఇంత పట్టాం కాబట్టి వాటా మాదే అంటాయి. తీరదేశాలు, మా జలాల్లో లైసెన్సు కొనుక్కుని పట్టింది మా ఖాతాలో రాయమంటాయి. నీ పొలం కౌలుకి చేసినవాడు, ఇన్నాళ్లూ పండించాను కాబట్టి పొలంలో సగం నాదే అంటే ఒప్పుకుంటావా? తీరదేశాల మాటే నాకు న్యాయం.

అయితే మన పక్కన కూడా ఓ బరువు ఉంది. ఈ సముద్రంలో దొరికే సూరలో సగం దాకా తీరదేశాల చిన్న పడవలది, పెద్ద పెద్ద వలలది. మనల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదంటే మనం ఎంత పడుతున్నామో పక్కాగా చెప్పగలగాలి. 2021లో రెక్క సూర వేట తగ్గించే తీర్మానం వస్తే మన దేశమూ ఆక్షేపణ పంపి పక్కకి తప్పుకుంది. చిన్న వేటగాళ్ల పొట్ట కొట్టకూడదన్న ఉద్దేశం సరైందే. ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గర సబ్సిడీల మీద 25 ఏళ్ల గడువు అడిగిందీ అందుకే. కానీ ఆక్షేపణతో బయట నిలబడ్డవాడు రేపు ఇంకొకడి ఆక్షేపణని ఏ ముఖంతో ప్రశ్నిస్తాడు? లోపల కూర్చుని, గేలంతో ఒక్కో చేప పట్టేవాడికి ప్రత్యేక వాటా కావాలని కొట్లాడటమే మన దారి కావాలి. మాల్దీవుల వాళ్లు గాలపు కర్రలతో పడతారు, వాళ్లు ఎప్పట్నుంచో అలాగే మాట్లాడుతున్నారు. వాళ్లతో కలవాలి.

ఫిబ్రవరి 5, అర్ధరాత్రి

గెలిచాం రా! మామూలుగా ఇక్కడ అందరూ ఒప్పుకుంటేనే తీర్మానం. ఇవాళ ఓటింగ్‌కి వెళ్లారు. మూడింట రెండు వంతులు రావాలి, వచ్చాయి. 2024 నుంచి ఏటా 72 రోజులు తెప్పల వేట బంద్. తెప్పల సంఖ్య 300 నుంచి 250కి, 2026కి 200కి దిగాలి. నా పక్కన కూర్చున్న మాల్దీవుల అమ్మాయి గట్టిగా కౌగిలించుకుంది. ఆ సంతోషంలో గొంతు నొప్పి మర్చిపోయాను. ఇప్పుడు జ్వరం తగిలినట్టుంది, ఒళ్లు కాలుతోంది. ఫోర్ట్ జీసస్ చూడమని అందరూ అన్నారు. ఆటోలోంచి గోడ చూశాను, చాలు.

సంబరపడి ఊరంతా చెప్పకు. 120 రోజుల్లోపు ఆక్షేపణ పంపిన దేశానికి ఈ తీర్మానం వర్తించదు. పెద్ద ఓడలున్న వాళ్లే పంపితే మనం గెలిచింది కాగితమే. మే నెలలో మారిషస్‌లో మళ్లీ కూర్చుంటారు. అప్పుడు మన వాళ్ల ఫైల్లో వాదన ఒక్కటే ఉంటే సరిపోదు, అంకెలుండాలి.

నువ్వు రాత్రి వేట నుంచి వచ్చి చేప తూకమేసి డబ్బు లెక్క రాస్తావు కదా, ఆ పుస్తకంలో ఇంకో గీత కొట్టు. చేప పొడవెంత, ఎన్ని గంటల దూరంలో దొరికింది, గేలానికా వలకా, చిన్నవి ఎన్ని. మీ జట్టులో మిగతా పడవల వాళ్ల చేతా రాయించు. రాయనంటే నా పేరు చెప్పు, వచ్చాక నేనే ఇంటింటికీ తిరుగుతాను. అమ్మని ఇంకో డబ్బా నెత్తళ్లు ఎండబెట్టమను.

మీ అప్ప