మారిషస్‌లో కూడా ఉగాది ఉంది

పోయిన ఆగస్టులో మా సోషల్ సార్ తలా ఒక చీటీ తీయమన్నారు. చీటీలో ఏ దేశం వస్తే, ఆ దేశం వాళ్ళు స్వాతంత్ర్య దినం ఎలా జరుపుకుంటారో రాసుకురావాలి. నాకు మారిషస్ వచ్చింది. ఆఫ్రికా పక్కన హిందూ మహాసముద్రంలో ఉన్న చిన్న దీవి. దాని గురించి ఏం రాయాలా అని దిగులు పడ్డాను.

మారిషస్‌కు 1968 మార్చి 12న బ్రిటిష్ వాళ్ళ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. 1930లో గాంధీజీ దండి యాత్ర మొదలుపెట్టిన తేదీ కూడా మార్చి 12నే! ఆ రోజు రాజధాని పోర్ట్ లూయిస్‌లోని గుర్రప్పందేల మైదానంలో బ్రిటిష్ జెండా దించి, నాలుగు రంగుల కొత్త జెండా ఎగరేశారు. ఇప్పుడు కూడా ఏటా మార్చి 12న జెండా ఎగరేస్తారు, కవాతు చేస్తారు, పాటలు, నృత్యాలు ఉంటాయి. జెండాలో ఎరుపు పోరాటానికి, నీలం సముద్రానికి, పసుపు స్వేచ్ఛ వెలుగుకు, ఆకుపచ్చ పంటలకు గుర్తు.

ఇంకా చదివితే ఆశ్చర్యమేసింది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో చెరకు తోటల్లో పనికి మన తెలుగువాళ్ళు కూడా ఓడల్లో అక్కడికి వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళను కోరంగీలు అనేవారట. ఈరోజు ఉగాది ఆ దేశమంతటికీ సెలవు దినం. అక్కడి బడుల్లో తెలుగు కూడా నేర్పుతారు.

మా తాతయ్య బొగ్గు గని పనికి కరీంనగర్ నుంచి చంద్రపూర్ వచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. ఎవరైనా "మీది ఏ ఊరు?" అని మరాఠీలో అడిగితే నాకు జవాబు తోచేది కాదు. కరీంనగర్ అందామంటే నేను అక్కడ పుట్టలేదు. చంద్రపూర్ అంటే "మరి ఇంట్లో తెలుగెందుకు?" అంటారు. బజారులో అమ్మ గట్టిగా తెలుగులో పిలిస్తే సిగ్గుపడి దూరంగా నడిచేదాన్ని.

రాసింది నానమ్మకు చదివి వినిపించాను. "అంత దూరం పోయి గూడ పండుగ మర్వలేదా బిడ్డా! మరి వాళ్ళిప్పుడు ఏ దేశపోళ్ళు?" అని అడిగింది.

"మారిషస్ వాళ్ళే నానమ్మా. తెలుగువాళ్ళు కూడా" అన్నాను. అన్నాక నాకే అనిపించింది, ఇన్నాళ్ళూ నేను వెతుకుతున్న జవాబు ఇదే కదా అని.

మొన్న ఉగాది రోజున మా వీధిలో అందరూ గుడీ పాడ్వా చేసుకున్నారు. రెండు పండుగలూ ఒకే రోజు. పక్కింటి కాకూకు నేనే పచ్చడి తీసుకెళ్ళాను. ఆమె రుచి చూసి, "చేదు కూడా వేస్తారా?" అని నవ్వి, మాకు శ్రీఖండ్ ఇచ్చింది. సాయంత్రం బజారులో అమ్మ ఎప్పటిలాగే గట్టిగా పిలిచింది. "వస్తున్నానమ్మా!" అని నేనూ అంతే గట్టిగా పలికాను.