అసైనీ కాలమ్ ఖాళీ

మన ఐటీ వాళ్ళకున్నంత సర్టిఫికెట్ల పిచ్చి ఇంకెవరికీ ఉండదేమో. సీఎంఎంఐ లెవెల్ ఫైవ్ వచ్చిందంటే రిసెప్షన్‌లో ఫ్రేము కట్టి పెట్టాల్సిందే. ఇంకో వారంలో ఆడిట్ ఉందనగా, ఎప్పుడూ జరగని రివ్యూ మీటింగులకి మినిట్స్ పుట్టుకొచ్చే ప్రాజెక్టుల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు :) అలాగని సర్టిఫికెట్లన్నీ దండగ అననుగానీ, గోడ మీద ఫ్రేము వేరు, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే ఫోనెత్తే మనిషి వేరు.

ఈమధ్య ఆ ఫ్రేముల పక్కన పచ్చరంగు ఫ్రేములు చేరుతున్నాయి. ఫలానా కూటమిలో సభ్యులం, ఫలానా ప్రతిజ్ఞ మీద సంతకం పెట్టాం, ఫలానా ఏడాదికల్లా నెట్ జీరో... ఇలా. నేను ఏడాదిగా మా ఆఫీసులో కర్బన ఉద్గారాల లెక్కలు చూపించే డ్యాష్‌బోర్డు మీద పని చేస్తున్నా. ఈ గొడవ నా నెత్తికెక్కడానికి అదే కారణం.

లెక్క వెయ్యడం పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. జనరేటర్లో కాలే డీజిల్ స్కోప్ 1. కొన్న కరెంటు స్కోప్ 2. మిగతావన్నీ, అంటే మనం ఆఫీసుకి వచ్చిపోయే బండ్లు, ఆన్‌సైట్ విమానాలు, కొన్న లాప్‌టాప్‌లు, స్కోప్ 3. జీహెచ్‌జీ ప్రోటోకాల్ అని ఒకటుంది, ప్రపంచమంతా దాదాపు దాని ప్రకారమే లెక్కేస్తుంది. కష్టమంతా లెక్క వేశాక వస్తుంది. అంకె పెరిగితే ఎవర్నడగాలి?

మొన్న టౌన్‌హాల్‌లో "ప్రశ్నలేమైనా ఉన్నాయా" అంటే చెయ్యెత్తాను. "గత ఏడాది కన్నా మన స్కోప్ 3 పెరిగింది కదండీ, దానికి జవాబుదారీ ఎవరు?" అనడిగా. "ఇది మనందరి బాధ్యత" అన్నారు పెద్దాయన. చప్పట్లు. మనందరి బాధ్యత అంటే బగ్ ట్రాకర్లో అసైనీ కాలమ్ ఖాళీగా వదిలెయ్యడమే కదా! అలాంటి బగ్గు ఎన్ని రిలీజులు దాటినా అక్కడే ఉంటుంది. తర్వాత మా మేనేజరు కాఫీ మెషీన్ దగ్గర మెల్లిగా, "నువ్వడిగింది తప్పని కాదుగానీ, అప్రైజల్ ముందు ఇవన్నీ నీకెందుకు చెప్పు?" అన్నాడు. ఇంటి లోను ఉన్నవాణ్ణి, ఆ మాట గుచ్చుకుంది.

సరే, మనం చిన్నవాళ్ళం. పెద్దవాళ్ళ సంగతేంటో చూద్దాం. సైన్స్ బేస్డ్ టార్గెట్స్ ఇనిషియేటివ్ అని 2015లో మొదలైన సంస్థ ఒకటుంది. కంపెనీ ముందు మాటిస్తుంది, తర్వాత 24 నెలల్లోపు లక్ష్యాన్ని లెక్కలతో సహా పరిశీలనకి పంపాలి. 2024 మార్చిలో రెండు వందల పైచిలుకు కంపెనీల నెట్ జీరో వాగ్దానాల ఎదురుగా 'తొలగించబడింది' అని పెట్టేశారు. అందులో మైక్రోసాఫ్ట్, యూనిలీవర్ కూడా ఉన్నాయి. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, గడువు దాటితే పేరు పక్కన ఆ ముక్క రాసిన కూటమి నాకు నచ్చింది. కనీసం ఎస్‌ఎల్‌ఏ ఉంది.

అదీ లేని చోట ఏమవుతుందో బ్యాంకుల కథ చెప్తుంది. 2021 ఏప్రిల్లో నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్ మొదలైంది. అమెరికా పెద్ద బ్యాంకులన్నీ చేరాయి. రాజకీయ గాలి మారింది. 2024 డిసెంబర్లో గోల్డ్‌మన్ సాక్స్ బయటికెళ్ళింది, నెల తిరిగేసరికి ఆరు పెద్ద బ్యాంకులూ ఖాళీ. 2025 అక్టోబర్లో దుకాణమే కట్టేశారు. సంతకంతో లోపలికి, ప్రెస్‌నోట్‌తో బయటికి!

ఇంకో కోణం కూడా ఉంది. ఒక చేత్తో పచ్చ కూటమిలో సంతకం పెట్టి, ఇంకో చేత్తో వాతావరణ చట్టాల్ని అడ్డుకునే వ్యాపార సంఘానికి చందా కడితే? 2009 అక్టోబర్లో యాపిల్ సరిగ్గా ఈ కారణంగానే అమెరికా ఛాంబర్ ఆఫ్ కామర్స్ నుంచి బయటికొచ్చింది. అదే సమయంలో నైకీ బోర్డు పదవి వదులుకుంది గానీ సభ్యత్వం ఉంచుకుంది. ఎవరు ఎంత దూరం వెళ్ళారో ఆ తేడాలో తెలిసిపోతుంది.

మరి పని చేసేదేంటి? నా మటుకు నాకు రెండే కనపడ్డాయి: డబ్బు, కొలత. మైక్రోసాఫ్ట్ 2012 నుంచి తన విభాగాల దగ్గరే కర్బన రుసుము వసూలు చేస్తోంది. అయినా 2020తో పోలిస్తే 2023కి వాళ్ళ ఉద్గారాలు 29 శాతం పెరిగాయి, డేటా సెంటర్ల పుణ్యమా అని. రుసుము మంత్రదండం కాదన్నమాట. కానీ బిల్లు ఎవరి బడ్జెట్లోంచి పోతుందో తెలిస్తే, కనీసం ఆ మనిషి ఫైలు తెరుస్తాడు.

కొలతకి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. పోచారంలో ఇన్ఫోసిస్ వాళ్ళు 2011లో ఒక భవనం కట్టారు. సగానికి మామూలు ఏసీ, మిగతా సగానికి స్లాబులో పైపులు వేసి చల్లటి నీళ్ళు తిప్పే రేడియంట్ కూలింగ్. ఒకే భవనం, ఒకే ఎండ, రెండు మీటర్లు. మన భాషలో ఏ/బీ టెస్టింగ్. చల్లటి నీళ్ళ సగానికి కరెంటు దాదాపు మూడో వంతు తక్కువైంది. అది ఏ ప్రతిజ్ఞలోంచీ ఊడిపడలేదు, ఎవరో ఇంజనీరు పట్టుబట్టి మీటరు పెట్టించాడు.

ఉద్యోగులు అడిగితే ఏమవుతుందనేది అమెజాన్‌లో చూశాం. 2019లో వేలమంది ఉద్యోగులు బహిరంగ లేఖ మీద సంతకాలు పెట్టారు. వాటాదారుల సమావేశంలో వాళ్ళ తీర్మానం ఓడింది. సెప్టెంబర్ 20న పని ఆపి బయటికొస్తామన్నారు. సరిగ్గా ముందు రోజు జెఫ్ బెజోస్ 2040కల్లా నెట్ జీరో అంటూ క్లైమేట్ ప్లెడ్జ్ ప్రకటించాడు. 2020 ఏప్రిల్లో ఆ ఉద్యమంలో ముందున్న ఇద్దరి ఉద్యోగాలు పోయాయి. అంతర్గత నియమాలు మీరారని కంపెనీ అంది. 2021లో కేసు రాజీతో ముగిసింది. ఉద్గారాలంటారా, 2019లో 5 కోట్ల టన్నుల పైన, 2024లో 6.8 కోట్లు. అడిగితే ప్రతిజ్ఞ వచ్చింది, అంకె మాత్రం దిగలేదు. అడిగినవాళ్ళకి ఖర్చయింది. మా మేనేజరు చెడ్డవాడు కాదు, ఆయన చెప్పింది ఈ ఖర్చు గురించే.

అయితే మన దేశంలో గట్టిగా అరవకుండానే చూడగలిగే కాగితం ఒకటుంది. 2022-23 నుంచి సెబీ, మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలకి బీఆర్‌ఎస్‌ఆర్ నివేదిక తప్పనిసరి చేసింది. వార్షిక నివేదికలో ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. పర్యావరణ నిర్ణయాలకి బోర్డులో ఫలానా కమిటీ గానీ డైరెక్టరు గానీ ఉన్నారా అని అందులో ఒక ప్రశ్న. ఏయే వ్యాపార సంఘాల్లో సభ్యులు అని ఇంకో ప్రశ్న. స్కోప్ 1, 2 అంకెలు కిందటేడాది అంకెల పక్కనే ఉంటాయి. పది నిమిషాల పని. మీరు ఉద్యోగం మారే ఆలోచనలో ఉంటే, ప్యాకేజీతో పాటు ఇదీ ఓసారి చూడండి.

నేనేం చేశానంటారా? డ్యాష్‌బోర్డులో ప్రతి అంకె పక్కన 'ఓనర్' అని ఒక కాలమ్ పెట్టాలని రిక్వెస్ట్ పెట్టాను. ప్రయాణాల అంకెకి ట్రావెల్ హెడ్ పేరు, కరెంటు అంకెకి ఫెసిలిటీస్ హెడ్ పేరు, అంతే. మేనేజరు నవ్వి అప్రూవ్ చేశాడు. ఇప్పటికి రెండు పేర్లొచ్చాయి, మిగతా తొమ్మిది ఖాళీ. ఖాళీ గడిని ఎర్రరంగులో చూపించమని రిక్వైర్‌మెంట్‌లో ఎవరూ రాయలేదు. చూపించొద్దని కూడా రాయలేదు :)

ఎర్రరంగే వేశా. వచ్చే టౌన్‌హాల్‌లో ఆ స్క్రీనే తెర మీదకొస్తుంది.