ఏడుకొండల ఊళ్లో బుడిబుడి అడుగులు

చిన్నపిల్లలతో తిరుపతి వెళ్లాలని ఫోన్‌లో వెతికి చూడండి. వచ్చేవన్నీ పెద్దవాళ్ల లెక్కలే. దర్శనానికి ఎన్ని గంటలు పడుతుంది, రూమ్ ఎక్కడ దొరుకుతుంది, లడ్డూ కౌంటర్ ఎటువైపు... ఏడాదిన్నర పిల్లకి ఇవేవీ పట్టవు. ఆమె తిరుపతి వేరు. అందులో ఏడు కొండల కన్నా ముందు ఒక చీమల బారు వస్తుంది. గాలిగోపురం కన్నా ముందు గాలి బుడగలమ్మే అన్న కనిపిస్తాడు. కోట గోడ కన్నా ఆ గోడ మీద బల్లి గొప్పది. ఆ వయసు వాళ్లకి ఒకటే మాట, ఒకటే వేలు. వేలు చాపి "అది?" అంటారు. మనం పేరు చెప్పేదాకా వదలరు.

మాది చిత్తూరు. నాకూ మా ఆయనకీ ఉద్యోగాలు బెంగళూరులో. పాప సోమవారం నుంచి శుక్రవారం దాకా చిత్తూరులో మా అమ్మ దగ్గరే ఉంటుంది. మా వైపు ఇది కొత్త కథేం కాదు. అటు బెంగళూరు, ఇటు చెన్నై, మధ్యలో చిత్తూరు. శుక్రవారం రాత్రి బస్సెక్కి చూడండి, సగం సీట్లలో ఇలాంటి అమ్మానాన్నలే ఉంటారు.

పాప మొదటి అడుగు వేసింది ఒక బుధవారం. నేను చూసింది వీడియో కాల్‌లో. ఆరంగుళాల తెర మీద, ఊగుతున్న కెమెరాలో, రెండడుగులు వేసి మంచం కోడు పట్టుకుంది. "సూడు సూడు, నీ బిడ్డ నడస్తాండాది" అని మా అమ్మ అరుపు. అంతలో నెట్‌వర్క్ ఆగిపోయింది. మన పెద్దవాళ్లకి పిల్లల ఎదుగుదలంతా పిండివంటల క్యాలెండరే కదా. బోర్లా పడితే బొబ్బట్లు, నవ్వితే నువ్వుండలు, అడుగేస్తే అరిసెలు. శనివారం మేం ఇంటికి వెళ్లేసరికి డబ్బా నిండా అరిసెలు. అవి తింటూనే అనుకున్నాం, ఇకనుంచి శని ఆదివారాలు ఇంట్లో కూర్చోకూడదని. అలా మొదలైనవే ఈ ప్రయాణాలు.

కొండ మీద ఫోన్ లేని గంటలు

తిరుమల గుళ్లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ముందే కౌంటర్‌లో ఇచ్చేయాలి. మనలాంటి వాళ్లకి మొదట చెయ్యి విరిగినట్టే ఉంటుంది. కాసేపటికి అసలు సంగతి తెలుస్తుంది. పాప ఏం చేసినా ఫొటో తీయలేం. వీడియో తీసి గ్రూపులో పెట్టలేం. ఇక మిగిలింది ఒక్కటే, చూడటం.

వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కూర్చున్న ఆ గంటల్లో మా పాప పక్కవాళ్ల గాజులు లెక్కపెట్టింది. అంటే లెక్కలు రావు, ఒక్కోదాన్నీ ముట్టుకుంటూ వెళ్లింది. గుండు చేయించుకున్న ఒక తాత తల నిమిరి, తర్వాత తన తల నిమురుకుని, తేడా తేల్చుకోలేక నా వైపు చూసింది. అందరూ "గోవిందా" అన్నప్పుడల్లా ఒక అర సెకను ఆలస్యంగా "...ందా" అంది. నేను ఎత్తుకుని పట్టుకుంటుంటే పక్కనున్న పెద్దావిడ "దించు తల్లీ, నడవనీ. యాడికి పోతాది? ఈడ అందురూ అవ్వలే గదా" అంది. క్యూలో పాలు ఇస్తారు, అన్నప్రసాదం పెడతారు. ఆకలి గురించి భయపడక్కర్లేదు. కానీ ఒక జత బట్టలు, చిన్న దుప్పటి చేతి సంచిలో ఉంచుకోండి. రాత్రిపూట కొండ మీద చలిగానే ఉంటుంది.

ఏడాది లోపు పసిబిడ్డ ఉంటే తల్లిదండ్రులని సుపథం దారిలో దర్శనానికి పంపుతారు. ఒరిజినల్ జనన ధ్రువపత్రం, ఆధార్ దగ్గర పెట్టుకోవాలి. పాపకి పదకొండో నెలలో మేం వెళ్లింది అలాగే. ఏడాది దాటాక మామూలు దారే. 300 రూపాయల దర్శనానికి 12 ఏళ్ల లోపు పిల్లలకి టికెట్ అడగరు. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు టీటీడీ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

నడిచి వెళ్దామనుకునేవాళ్లకి ఒక మాట. అలిపిరి దారిలో మెట్లు 3,550, శ్రీవారి మెట్టు దారిలో 2,388. బుడిబుడి అడుగుల పిల్లకి మొదటి పది మెట్లు పండగే, మిగిలినవన్నీ నాన్న భుజాలకి. 2023లో అలిపిరి దారిలో చిరుతలు పిల్లల మీద దాడి చేశాయి, ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తర్వాత మధ్యాహ్నం దాటాక పిల్లలతో ఆ దారిలో వెళ్లడం మీద ఆంక్షలు పెట్టారు. వాటిని తేలిగ్గా తీసుకోకండి. మొదటి పది మెట్ల సరదా తీర్చి, బస్సెక్కేయడమే మేలు.

పుట్టు వెంట్రుకలు, తూకం

పిల్లల ఎదుగుదలకి తిరుమలలో రెండు గుర్తులున్నాయి. ఒకటి కళ్యాణకట్ట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి పుట్టు వెంట్రుకలు తీయించడం మా ఇళ్లలో ఆనవాయితీ. మా తమ్ముడు ఒడిలో పాపని పట్టుకుని ఆమె కన్నా ఎక్కువ బిగుసుకుపోయాడు. నీళ్లు తల మీద పడేసరికి ఏడుపు, కత్తి తలకి తగిలేసరికి ఆశ్చర్యంతో మౌనం, అయిపోయాక మళ్లీ ఏడుపు. గంధం పూసిన గుండుతో అద్దంలో చూపిస్తే, అద్దంలో ఉన్న ఎవరో బాబుకి ముద్దు పెట్టింది.

రెండోది తులాభారం. బిడ్డ ఎంత బరువుంటే అంత బెల్లమో, పటికబెల్లమో, నాణేలో స్వామికి ఇస్తారు. త్రాసు తట్ట గాల్లోకి లేచినప్పుడు ప్రతి అమ్మ ముఖం చూడండి. డాక్టరు దగ్గర బరువు చూసేటప్పుడు ఉండే భయం అక్కడ ఉండదు. అక్కడ ఎవరూ చార్టు చూడరు, పక్కింటి పిల్లతో పోల్చరు. ఎంతుంటే అంతే, అంత బరువూ సంతోషమే.

చందమామని పిలిచే పాటా, స్వామిని ఉయ్యాలలో వేసి జోకొట్టే పాటా మనకిచ్చిన అన్నమయ్య తిరిగింది ఈ కొండ మీదే. వాటిని మన ఇళ్లలో సంగీతం రాని అవ్వలు కూడా పాడతారు. ఏడుకొండలవాడిని సైతం చంటిబిడ్డగా చేసి నిద్రపుచ్చిన ఊరిది. పిల్లలతో వెళ్తే ఆ సంగతి కొత్తగా అర్థమవుతుంది.

పులి ముందు కాకి

తిరుపతిలో పెద్దవాళ్లు వదిలేసి వెళ్లే చోటు ఎస్వీ జూ పార్క్. 1987లో పెట్టారు. శేషాచలం కొండల అడుగున 5,532 ఎకరాలు. దేశంలోనే పెద్ద జూల్లో ఒకటి. పొద్దున్నే వెళ్లండి, ఎండ ఎక్కితే జంతువులూ పడుకుంటాయి, పిల్లలూ పడుకుంటారు.

మేం తెల్ల పులి దగ్గర ఆగాం. చుట్టూ అందరి ఫోన్లూ పైకి లేచాయి. మా పాప మాత్రం ఎటో వేలు చూపించి "కా... కా..." అని ఎగురుతోంది. చూస్తే కంచె మీద కాకి. రోజూ చిత్తూరు పిట్టగోడ మీద అవ్వ అన్నం పెట్టే కాకి ఇక్కడికీ వచ్చిందని ఆమె సంబరం! ఆమె లెక్కలో పులి కొత్త మనిషి, కాకి చుట్టం. మా ఆయన "ఇంత దూరం వచ్చి కాకిని చూపించామా" అని నవ్వాడు. నాకైతే ఒక విషయం తట్టింది. తెలిసినదాన్ని తెలియని చోట గుర్తుపట్టడం చిన్న పని కాదు. నిన్నటి దాకా కాకి అంటే ఆ పిట్టగోడ మీది ఒక్క కాకే. ఈరోజు ఆ మాట మొత్తం కాకులన్నిటికీ సరిపోయింది. భాష మొదలయ్యేది అక్కడే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రకారం ఏడాది వయసు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంటకి మించొద్దు. ఒకటి రెండేళ్ల పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు కదులుతూ ఆడుకోవాలి. ఈ లెక్క చదివినప్పుడు నా గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే వారానికి ఐదు రోజులు నేను ఆమెకి స్క్రీన్‌నే కదా! శనివారం నేను తెర వెనక నుంచి బయటికొచ్చిన మనిషిని. మొదటి పది నిమిషాలు ఆమె నా చెంప తట్టి చూస్తుంది, నిజమైనదానినేనా అని.

చంద్రగిరి గడ్డి మీద

ఆ 180 నిమిషాలకి చంద్రగిరి కోటని మించిన చోటు లేదు. తిరుపతికి దగ్గరే. విజయనగర రాజుల చివరి రాజధానుల్లో ఒకటి. రాజమహల్‌ని కట్టెతో పని లేకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టారు. లోపల పురావస్తు శాఖ మ్యూజియం, పక్కనే రాణిమహల్, చుట్టూ పచ్చగడ్డి, వెనక నల్లటి గుండ్ల కొండ.

పాపకి మహల్ కనిపించలేదు, గడపే కనిపించింది. గడప ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. పద్నాలుగు సార్లు లెక్కపెట్టి వదిలేశాను. ఒక్కోసారి పడింది. పడ్డాక ముందు మా ముఖాలు చూస్తుంది. మేం కంగారు పడితే ఏడుపు, మేం నవ్వితే తనూ నవ్వు. దెబ్బ తగిలిందో లేదో కూడా మా ముఖంలో చదువుకుంటుంది. ఏమీ కానట్టు ముఖం పెట్టడం ఎంత కష్టమో ఆరోజు తెలిసింది.

అక్కడి నుంచి చిత్తూరు వెళ్లే దారి వైపు వస్తే జూన్, జూలైల్లో దామలచెరువు దగ్గర మామిడికాయల లారీలు, ట్రాక్టర్లు. తోతాపురి కాయలు గుట్టలు గుట్టలు. ఎక్కువ భాగం గుజ్జు ఫ్యాక్టరీలకే పోతాయి. ఒక పండు కొని పిసికి, కొస కొరికి పాప చేతిలో పెట్టాం. పావుగంట తర్వాత ఆమెలో పండు, పండులో ఆమె. పక్క కొట్టు ఆయన బిందెలో నీళ్లు ఇస్తూ "కడగద్దులేమ్మా, ఇంకోటి తిననీ" అన్నాడు.

కాణిపాకం: పెరిగే దేవుడు

చిత్తూరు నుంచి కాణిపాకం పదకొండు, పన్నెండు కిలోమీటర్లే. మాకది ఇంటి గుడి. వరసిద్ధి వినాయకుడు బావిలో వెలిశాడని, నేటికీ పెరుగుతూనే ఉన్నాడని నమ్మకం. ఒకప్పుడు భక్తురాలు చేయించిన వెండి కవచం ఇప్పుడు స్వామికి పట్టడం లేదని చెబుతారు. ఇప్పుడు మోకాళ్లూ బొజ్జా కనిపిస్తాయని ఊళ్లో ప్రతి అవ్వా చెబుతుంది. గుడి కట్టించింది 11వ శతాబ్దంలో కులోత్తుంగ చోళుడని చరిత్ర.

చిన్నప్పటి నుంచి ఈ కథ విన్నాను. కానీ కవచం సంగతి నాకు నిజంగా తగిలింది పాపని ఎత్తుకుని నిలబడినప్పుడే. ఆరోజు పొద్దున్నే ఆమెకి ఇష్టంగా కొన్న ఎర్ర గౌను వేయబోతే తల దగ్గరే ఆగిపోయింది. దాన్ని వేసుకుంది రెండుసార్లే. రెండుసార్లూ నేను బెంగళూరులో ఉన్నాను, ఫొటోల్లోనే చూశాను. అమ్మ ఆ గౌను మడిచి పెట్టెలో పెడుతూ "బట్ట పట్టకపోతే ఏడస్తారా ఎవురన్నా? పట్టకపోవడమే గదా కావాల్సింది" అంది. గుళ్లో కవచం మాట వినగానే అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం. పట్టని కవచాన్ని చూసి ఇక్కడ ఎవరూ బాధపడరు, దాన్నే గొప్పగా చెప్పుకుంటారు.

అప్పటి నుంచి నాకు కొంచెం తేలికైంది. వారం వారం నేను చూడని సంగతులు కొన్ని ఉంటాయి. అవి అవ్వ వాటా. ఆమె చెబితే వింటాను. మొన్న నేను లేని మంగళవారం పాప మొదటిసారి రెండు మాటలు కలిపిందట. "అవ్వా, బువ్వ" అని. పంచదార చిలకలు తయారుగా ఉన్నాయి. శనివారం నా ముందు కూడా రెండు మాటలు కలిపింది. గేటు దగ్గర నన్ను చూసి "అమ్మ... అది!" అని వేలు చూపించింది. ఈసారి పేరు చెప్పమని అడగలేదు. తనే చెప్పింది.