కవరత్తిలో తామరాకు పాఠం

కొచ్చి రేవులో మధ్యాహ్నం ఓడ ఎక్కి, మర్నాటి ఉదయానికి లక్షద్వీపాల రాజధాని కవరత్తి చేరుకున్నాము. ఈసారి ఎల్.టి.సి.కి ఈ ద్వీపాన్ని పట్టుబట్టి ఎంచుకున్నది మా అమ్మాయి. కొబ్బరితోటలు, తెల్లని ఇసుక, మరకతంలా మెరిసే నీరు చూసి శ్రీమతి మైమరచిపోయింది. నా చూపు మాత్రం మేము బస చేసిన ఇంటి పెరటిలోని బావిపై నిలిచింది.

"అది గిన్నెలు కడగడానికే. తాగడానికి కుళాయి నీళ్ళు," అన్నారు ఆ ఇంటి పెద్దాయన. ఇక్కడ ఏరు లేదు. వాన నీరు పగడపు ఇసుకలో ఇంకి, అడుగునున్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతుంది. ఆశపడి ఎక్కువ తోడితే కిందినుంచి ఉప్పు పైకి వస్తుంది.

ఆ కుళాయి వెనుక గొప్ప కథ ఉంది. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ 2005లో ఇక్కడ రోజుకు లక్ష లీటర్ల మంచినీటి కేంద్రాన్ని నెలకొల్పింది. సముద్రం పైభాగపు నీరు సుమారు 28 డిగ్రీలుంటుంది. గాలి తీసివేసిన గదిలో అది ఆ కొద్దిపాటి వేడికే ఆవిరవుతుంది. దాదాపు 350 మీటర్ల లోతునుంచి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని తిరిగి నీరుగా మారుస్తారు. ఉప్పు వెనుకనే మిగులుతుంది. అయితే పంపులకు విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తుకు డీజిలు ఓడలలో రావాలి.

"ఇంత పెద్ద యంత్రం లేకుండా కుదరదా నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

కుదిరే మార్గమొకటి పరిశోధకులు వెతుకుతున్నారు. మన ఊరి చెరువులోని తామరాకును తలచుకోండి. దానిపై నీటిబొట్టు నిలుస్తుందే గాని అంటుకోదు. టెఫ్లాన్, పాలీప్రొపిలీన్, పీవీడీఎఫ్ వంటి పాలిమర్లతో నీటిని అంటనివ్వని పలుచని పొరలు చేస్తారు. వాటి రంధ్రాలు సాధారణంగా మైక్రానుకన్నా చిన్నవిగా ఉంటాయి. ఒకవైపు 60 నుంచి 80 డిగ్రీల ఉప్పునీరు, మరొకవైపు చల్లదనం ఉంటే, నీరు రంధ్రంలోకి చొరబడదు. ఆవిరి మాత్రమే దాటుతుంది. నీటిని మరిగించనక్కరలేదు. జనరేటరును చల్లబరచి వచ్చే వేడినీరే చాలు. మాల్దీవులలోని గుల్హి ద్వీపంలో 2014లో జనరేటరు వృథా వేడితోనే రోజుకు పదివేల లీటర్లు తీసే చిన్న కేంద్రాన్ని ఈ పద్ధతిపై ప్రారంభించారు.

మరి ఊరూరా ఎందుకు రాలేదు? తామరాకుపై సబ్బునీరు పోసి చూడండి, బొట్టు పరచుకుపోతుంది. పొర విషయమూ అంతే. నూనె, సబ్బు, కుళ్ళిన పదార్థాలు తగిలితే రంధ్రాలు తడుస్తాయి. ఒక్కసారి తడిసిందా, ఉప్పు నేరుగా మంచినీటిలోకి వస్తుంది. పైగా పొర పలుచనైతే ఆవిరి త్వరగా దాటుతుంది గాని వేడి కూడా జారిపోతుంది. మందమైతే వేడి నిలుస్తుంది గాని ఆవిరి మందగిస్తుంది.

అందుకే సిలికా రేణువులతో పొరపై తామరాకు వంటి సూక్ష్మమైన గరుకుతనం తెస్తున్నారు. నూనెను కూడా దరిచేరనివ్వని పొరలు అల్లుతున్నారు. ఇందుకు వాడే ఫ్లోరిన్ రసాయనాలలో కొన్ని ప్రకృతిలో ఎంతకాలానికీ నశించవు గనుక, అవి లేని పూతలకోసం కూడా కృషి సాగుతోంది.

తిరుగు ప్రయాణం నాడు పెద్దాయన మా సీసాలు కుళాయి నీటితో నింపి ఇచ్చారు. అమ్మాయి ఓడలో ఒక్క చుక్క కూడా ఒలకనివ్వలేదు. నేను విధులలో చేరిన రోజున మా డీజిల్ జనరేటరు పక్కగా నడుస్తుంటే వేడిగాలి ముఖానికి కొట్టింది. ఇన్నేళ్ళూ దానిని ఉక్కపోత అనే అనుకున్నాను. ఒక ద్వీపానికి అది దాహం తీర్చే నీరు కాగలదని కవరత్తి వెళ్ళివచ్చాకగాని నాకు తెలియలేదు.