తుపాకి మీద రెండో గురి



పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు ఫోటో పెట్టినాడు. ఎవరో విదేశీ సిపాయి. రైఫిల్ మీద పెద్ద స్కోప్, దాని పక్కన ఏటవాలుగా అగ్గిపెట్టె అంత చిన్న అద్దం ఇంకొకటి. "స్కోప్ ఉండగా రెండోది ఎందుకు? ఒకటి చెడిపోతే ఇంకొకటి అనా?" అని అడిగినాడు. ఆయన కొడుకు ఈ ఏడు సైన్యానికి రాస్తా ఉన్నాడు, అందుకే ఆ ఆరా. నాకు తుపాకి తెలియదు, ముప్పై ఏండ్లకు పైగా రైల్వే గూడ్స్ ఆఫీసులో బిల్లులు రాసినవాణ్ణి. కానీ మా అక్క కొడుకు పదిహేడేండ్లు పదాతి దళంలో చేసి, పెన్షన్ మీద వచ్చి ఊళ్ళోనే ఉన్నాడు. అందులో చాలా ఏండ్లు అతని చేతిలో ఉండింది డ్రాగునోవ్ రైఫిల్. ఆదివారం పోయి కూర్చుని అడిగినాను.

డ్రాగునోవ్ అంటే రష్యావాళ్ళు 1963లో తమ సైన్యానికి తీసుకున్న రైఫిల్. మన సైన్యంలో కూడా ఉంది. దాని స్కోప్ దూరాన్ని 4 రెట్లు దగ్గరికి తెస్తుంది. కానీ దానిలోనుంచి కనిపించే వెడల్పు 6 డిగ్రీలే. గుమాస్తా బుద్ధి కదా, కాగితం తీసి లెక్క వేసినాను. 100 మీటర్ల దూరంలో సుమారు పదిన్నర మీటర్ల వెడల్పు కనిపిస్తుంది, అది చాలు. అదే 10 మీటర్లలో ఒక మీటరే. 4 మీటర్లలో అయితే జానెడు రెండు జానలు, అంతే. అదీ మసకగా, ఎందుకంటే ఆ అద్దాలను సరిచేసి పెట్టింది దూరానికి. పైగా కన్ను స్కోప్ వెనక సుమారు 7 సెంటీమీటర్ల దగ్గర కుదురుగా ఉండాలి. కొంచెం పక్కకు జరిగితే నల్లటి నీడ అడ్డం వస్తుంది.

ఇదంతా లెక్క. అతను చెప్పింది వేరే.

కాశ్మీర్‌లో ఒక సాయంత్రం కొండ మీద కాపలా ముగించి దిగుతా ఉన్నారు. కోతకు వచ్చిన మొక్కజొన్న చేను పక్కన దారి. చేలో ఆకులు కదిలినాయి, పన్నెండు అడుగుల్లో ఎవరో లేచినారు. అలవాటు కొద్దీ రైఫిల్ భుజానికి ఎక్కింది, కన్ను స్కోప్‌లోకి పోయింది. "ఏమి కనిపించిందిరా?" అంటిని. "బూడిద రంగు మామా. వట్టి బూడిద రంగు. గుడ్డా, బొచ్చా, గోడా, ఏదీ తెలీదు." తల ఒక్క రవ్వ కిందికి దించినాడు. డ్రాగునోవ్‌లో స్కోప్‌ను ఎడమపక్క కొక్కెం మీద ఎత్తుగా బిగిస్తారు, దాని కిందనుంచి మామూలు ఇనుప సైట్లు కనిపిస్తాయి. వాటి మీదుగా చూస్తే పదేండ్ల పిల్లాడు. మోకాళ్ళ దాకా ఫిరన్, చంకలో మేకపిల్ల. "చేతులు పైకెత్తు" అని వీళ్ళు అరిస్తే ఎత్తలేదు, రెండు చేతులూ మేకపిల్లను పట్టుకోవడానికే సరిపోయినాయి.

మా అక్క పక్కనే ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తా ఉండింది. ఈ సంగతి ఆమె కూడా అప్పుడే వింటా ఉంది. చేయి ఆగిపోయింది, ఏమీ అనలేదు.

యూట్యూబ్‌లో ఈ రెండో సైట్ గురించి చెప్పేవాళ్ళు అందరూ వేగం, వేగం అంటారు. దగ్గరలో చప్పున కాల్చవచ్చు అని. అది నిజమే, కానీ సగమే అని నాకు అనిపిస్తుంది. ఎదురుగా ఉన్నది ఎవరో పూర్తిగా కనపడటం మిగతా సగం. ఆ సగం గురించి ఎవరూ వీడియో చెయ్యరు.

ఇప్పుడు ఫోటోలో ఉన్న చిన్న అద్దం సంగతి. దాన్ని రెడ్ డాట్ అంటారు. 1975లో స్వీడన్ దేశంలో ఎయిమ్‌పాయింట్ కంపెనీ బ్యాటరీతో వెలిగేదాన్ని అమ్మకానికి తెచ్చింది. లోపల చిన్న దీపం, దాని వెలుగు అద్దం మీద పడి ఎర్ర చుక్కగా కనిపిస్తుంది. దీనిలో పెద్దది చేసి చూపేది ఏమీ లేదు. రెండు కళ్ళూ తెరిచే చూడవచ్చు, చుట్టూ ఉన్నదంతా కనిపిస్తా ఉంటుంది, చుక్క ఎక్కడుంటే అక్కడ గురి. (తమిళంలో మనం బడిలో చదివిన 'కురి', ఇంట్లో అవ్వ అనే 'గురి', రెండూ ఒకటే మాట. నాకు ఇలాంటివి కనిపిస్తే సంతోషం.)

దాన్ని స్కోప్ నెత్తిన పెట్టేవాళ్ళు ఉన్నారు, పక్కన 45 డిగ్రీల వాటంగా పెట్టేవాళ్ళు ఉన్నారు. నెత్తిన పెడితే రైఫిల్‌ను తిప్పే పని లేదు, కానీ చెంప కట్టె మీద ఆనదు, గడ్డం ఆనించి చూడాలి. పక్కన పెడితే చెంప కదలదు, రైఫిల్‌ను కొంచెం ఒరిగిస్తే చాలు. కుడిచేతి వాటం వాళ్ళకు కుడిపక్క పెట్టి, రైఫిల్‌ను ఎడమకు ఒరిగించాలి. ఎడమచేతి వాళ్ళకు ఇది తిరగబడుతుంది. మా మేనల్లుడి ఓటు పక్కదానికే.

అతను రెండు మూడు సార్లు చెప్పిన మాట ఒకటి ఉంది. సైట్ గొట్టం కన్నా పైన ఉంటుంది, సుమారు 6, 7 సెంటీమీటర్లు. స్కోప్ నెత్తిన ఉన్నదైతే 10 దాటుతుంది. గుండు బయలుదేరేది కిందనుంచి. కాబట్టి గది అంత దూరంలో చుక్క పెట్టిన చోటికి ఇంచుమించు అంత కిందుగా తగులుతుంది. స్కోప్‌కు ఒకసారి, చుక్కకు ఒకసారి, వేరువేరుగా కాల్చి సరిచూసుకోవాలి. రెంటినీ బిగించి ఒకదాన్నే సరిచూసినవాడికి రెండోది బరువే. బ్యాటరీ కూడా చూసుకోవాలి. చాలావాటిలో పడేది మన ఇంట్లో తూకం మిషన్‌లో వేసే బిళ్ళ బ్యాటరీ రకమే. ఒకటి నుంచి ఆరు రెట్ల దాకా తిప్పుకునే స్కోపులు కూడా ఇప్పుడు వచ్చినాయి, వాటికి రెండో సైట్ అక్కరలేదు అంటారు. తిప్పే తీరిక ఉంటే సరే.

నాకు ఇదంతా ద్విదృష్టి కళ్ళద్దాల మాదిరి అనిపించింది. కౌంటర్ ముందు నిలబడ్డ మనిషి ముఖానికి పై అద్దం, రసీదులో అంకెకు కింది అద్దం. పెట్టుకున్న కొత్తలో మెట్లు దిగేటప్పుడు అడుగు ఎక్కడ పడుతుందో తెలియక గోడ పట్టుకుని దిగేవాణ్ణి. మూడు నెలలకు మెడ తనంతట తానే వంగడం నేర్చింది. రైఫిల్ ఒరిగించడం కూడా అంతేనట, ఖాళీ తుపాకితో వందలసార్లు చేసి చేసి, తలచకుండానే జరిగేదాకా.

తమ్ముడు ఫోన్‌లో అడిగిన ఇంకో ప్రశ్న, పిల్లాడికి ఇలాంటిది ముందే కొనిపెట్టాలా అని. అక్కరలేదు. సైన్యం ఏది ఇస్తే అదే. పిల్లాడు చేరినాక పటాలంలో తీసిన తుపాకి ఫోటోలు మాత్రం గ్రూపులో పెట్టవద్దు, వాడికే ఇబ్బంది.

మా మేనల్లుడిని అడిగితే, "స్కోప్ తర్వాత మామా, ముందు 1.6 కిలోమీటర్ల పరుగు చూసుకోమను" అన్నాడు. తెల్లవారి అయిదున్నరకు హైస్కూల్ గ్రౌండ్‌కు వచ్చే పిల్లలు ఉంటే తానూ వస్తాడట. పేర్లు నాకు చెప్పండి.