వేరు కుంపటి

తెలుగులో ‘వేరు కుంపటి పెట్టారు’ అంటే అన్నదమ్ములు విడిపోయారనో, అత్తాకోడళ్ళకు పొసగలేదనో అర్థం. ఇంటికి ఒక పొయ్యి. పొయ్యి రెండయితే ఇల్లూ రెండయినట్టే. కాలేజీలో ఏటేటా పిల్లలకు ఈ జాతీయం విడమర్చి చెప్పే నేను, క్రిందటి చలికాలంలో మా జల్‌పల్లి ఇంటి పెరట్లో అక్షరాలా వేరు కుంపటి పెట్టాను. ఇల్లు మాత్రం ఒక్కటిగానే వున్నది. అలా వుండటానికి కారణం మా అమ్మ అడిగిన రెండు ప్రశ్నలు.

అమ్మ సూర్యాపేట దగ్గరి పల్లెలో పాతికేళ్ళు కట్టెల పొయ్యి ఊదిన మనిషి. వానాకాలం పచ్చికట్టెలు, పొగగొట్టం లేని వంటిల్లు, తెల్లారేసరికి ఎర్రబారిన కళ్ళు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చి పల్లెటూరి ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చిన రోజులను ఆమె ఇప్పటికీ పండుగ సంగతిలా చెబుతుంది. అలాంటి మనిషితో, “పెరట్లో బొగ్గుల పొయ్యి కట్టిస్తానమ్మా, ఆదివారాలు సరదాగా వుంటుంది” అన్నాను.

“పొగ పోయిందని కండ్లు తుడుచుకుంటే మళ్ళ తెస్తున్నవా బిడ్డా? దాని ముందు వంగేదెవరు? బూడిద ఎత్తేదెవరు?” అన్నది.

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆమె అనకపోవడంలో కూడా అవే రెండు ప్రశ్నలు వినిపించాయి. వాటికి నోటితో జవాబు చెబితే చెల్లదు గనుక, పొయ్యితోనే చెప్పించాలనుకున్నాను.

మొదటి జవాబు ఎత్తు. ఎవరూ వంగనక్కరలేకుండా నిప్పు నడుము ఎత్తున వుండాలి. రెండడుగుల తొమ్మిది అంగుళాల దిమ్మె, నాలుగున్నర అడుగుల పొడవు. సగం నిప్పుకు, సగం గిన్నెలు పెట్టుకోవడానికి, కింద కట్టెలకూ బొగ్గుకూ గూడు. మేస్త్రీ ఆగ్నేయ మూల చూపించాడు. శాస్త్రం మాట ఎలా వున్నా, మా పెరట్లో ఆ మూల కిటికీలకు దూరం. నిమ్మచెట్టు కొమ్మలూ దాకా రావు. సరేనన్నాను.

“మంట తగిలే తాన సిమెంటు ఆగది సారూ, పుట్టమన్నే ఆగుతది” అన్నాడతను. నిజమే. సిమెంటు తనలో పట్టి వుంచుకున్న నీరే దాని బలం; గట్టి సెగకు ఆ నీరు పోతే గార పొడిబారి రాలిపోతుంది. అందుకని బయటి దిమ్మెకు మామూలు ఇటుకా సిమెంటూ వాడి, నిప్పుండే గూటికి మాత్రం కొలిమికి వాడే ఇటుకలు పేర్చి పుట్టమన్నూ ఇసుకా కలిపిన అడుసుతో కట్టాము. గిన్నెల వైపు పరిచింది షాబాదు బండ. అది సున్నపురాయి, చల్లగా కూర్చోవడానికే గాని సెగకు పనికిరాదు.

ఇక నిప్పు మీద ఏ రాయి? జల్‌పల్లిలో వుండి ఈ ప్రశ్న అడగడం చెరువు గట్టున నిలబడి నీళ్ళకోసం వెతకడం లాంటిది. పహాడీ షరీఫ్ గుట్ట మొదలుకొని మా చుట్టూ వున్నవన్నీ సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైటు బండలే. పాతబస్తీ పత్థర్ కా గోష్ట్ పుట్టింది ఈ రాతి మీదే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వేటకు వెళ్ళినప్పుడు ఇనుప చువ్వలు తేవడం మరిచిపోతే, వంటవాళ్ళు బండను కాల్చి దానిమీద మాంసం వేయించారని చెప్పుకుంటారు. కథ ఎలాగున్నా కిటుకు గట్టిది: మందపు రాయి వేడిని నిదానంగా తాగి, నిదానంగా వదులుతుంది.

రాయిని తట్టిచూస్తే ఖంగుమనాలి. బొద్దుగా మోగితే లోపల పగులున్నట్టు. నునుపుకోసం మందులు పట్టించిన పలక వద్దు. తడిరాయి అసలే వద్దు; లోపలి నీరు ఆవిరై రాయిని పేల్చగలదు. గ్రానైటులో ఒక్కొక్క ఖనిజం వేడికి ఒక్కొక్క లెక్కన పెరుగుతుంది కాబట్టి, ఒక్కసారిగా పెద్దమంట పెడితే అవి తమలో తాము పోట్లాడుకుని రాతిని చీలుస్తాయి. ఉమ్మడి కుటుంబంలాగే దానికీ సన్నటి సెగే క్షేమం! కొత్త పొయ్యిని కూడా వారంపాటు చిన్న చిన్న మంటలతో ఆరబెట్టాము.

ఈ ఓర్పు మాకు నేర్పింది పొరుగింటి పెద్దాయన. వారి పూర్వులు నిజాముల కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిలు. ఆ బారకాసుల పేరే దగ్గర్లోని బార్కస్‌కు మిగిలింది. గోతి పొయ్యిలో మందీ వండే ఇంటివారు కదా, బొగ్గు సంగతి ఆయనకు తెలుసు. “మాస్టర్ సాబ్, మంట చూసి వండొద్దు, బూడిద చూసి వండండి” అన్నారు. బొగ్గుల మీద తెల్లటి బూడిద పొర కమ్మితేగాని మాంసం వేయకూడదన్నమాట. నేను చేర్చేది ఒక్కటే: చలిగా వుందని ఆ నిప్పును గదిలోకి తెచ్చి తలుపులు వేసుకోకండి. బొగ్గునుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా వుండవు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

రెండో ప్రశ్న బూడిదది. దానికి ఇటుకల్లో జవాబు లేదు. అందుకని ఇంట్లో ఒక కట్టుబాటు చేసుకున్నాము: ఈ పొయ్యి దగ్గర వంటా, తోముడూ, బూడిద ఎత్తడమూ నావి, మా అబ్బాయివి. మా ఆవిడ ఆదివారం సాయంత్రాలు ఇప్పుడు నవల చదువుకుంటుంది. రాయి కాగిందా అని కూడా అడగదు. బూడిద నిమ్మచెట్టు పాదులోకి కొద్దికొద్దిగా పోతుంది.

అమ్మ మూడు ఆదివారాలు కిటికీలోంచే చూసింది. నాలుగోనాడు కుర్చీ వేయించుకుని గాలికి ఎదురువైపు కూర్చుని, వంకాయలు కాల్చే విధం మనవడికి చెప్పింది. తాను లేవలేదు, లేవనివ్వలేదు కూడా. పచ్చడీ జొన్నరొట్టే ఆమె కూర్చున్నచోటికే వచ్చాయి. ఒక ముద్ద తిని, కాసేపాగి అన్నది:

“పొగ వాసన మంచిగనే ఉంటది బిడ్డా, కండ్లల్లకు రాకుంటే.”