అంటు కింద చిగురు

మన సంఘంలో ఒక సహోదరుడు మెట్ట పొలంలో మామిడి వేయడానికి కడియం నర్సరీలకు వెళ్తున్నారు. అప్పు చేసి పెట్టే తోట. వారి కోసం ప్రార్థించండి.

అంటు మొక్కలో కింద నాటు టెంక నుంచి మొలిచిన వేరు, పైన మనం కోరిన రకం కొమ్మ ఉంటాయి. పచ్చడికి కొత్తపల్లి కొబ్బరి, పండుకు బంగినపల్లి; ఎక్కడ అమ్ముతామో చూసుకుని రకం ఎంచుకోవాలి. అయితే అతుకు కింద నుంచి నాటు చిగుళ్లు వస్తుంటాయి. ఏపుగా ఉన్నాయని వదిలేస్తే పై కొమ్మ బలం లాగేస్తాయి. ఆ కొమ్మ చచ్చిపోతే, నాలుగైదేళ్లు నీళ్లు పోశాక కాసేది నాటు కాయే. అప్పటికి వడ్డీ మాత్రం పెరిగి ఉంటుంది. కనబడిన రోజే తుంచేయాలి.

రోమా పత్రిక 11వ అధ్యాయంలో పౌలు చెప్పిన ఒలీవ అంటు దీనికి తలకిందులు. కడియంలో నాటు వేరుకు మంచి కొమ్మ కడతారు. దేవుడు మంచి చెట్టుకు అడవి కొమ్మను కట్టాడు. ఇది స్వభావానికి విరుద్ధమని పౌలే అన్నాడు. లాభం చూసుకునే రైతు ఎవరూ చేయని పని కృప చేసింది. ఆ అడవి కొమ్మ మనమే. మనలో కాసే ప్రతి మంచి కాయకూ బలం ఆ వేరుదే గనుక అతిశయపడడానికి చోటు లేదు.

ప్రభువు ఆ సహోదరుని చేతుల కష్టాన్ని దీవించును గాక. ఆమేన్.